మామ పెట్టిన రాయి

"నాయినమ్మా, ఈ డబ్బాల మట్టేంది? గంత దూరంకెళ్లి మోసుకొచ్చినవ్. మన తాపీ నది కినారాల దొరకదా?"

దొరుకుతది బిడ్డా. తాపీ తల్లి గూడ మనకు అన్నం పెట్టిందే. గని ఇది నీ పెండ్లికి. పుట్టమన్నుల ఇంటిమన్ను ఇంత కలపకుంటె ఇంటి దేవునికి కబురు అందదనేది మా అత్త. మరి ఇల్లేది? డ్యాం కట్టిండ్రు, గోదారి నీళ్లల్ల ఊరు మునిగింది. గంగనే అంటుంటిమి మేము. మీ నాయిన అప్పటికి పుట్టలె... కాదు కాదు, సంకల ఉన్నడు. మీ తాత ముందుగాలనే ఈడికొచ్చి సలాబత్‌పురల కరెంటు సాంచెల మీద నేస్తుండె.

ఈ ఎండకాలం గంగ ఎనుకకు పోయి ఊరు తేలిందంటె, మీ నాయినను ఎంబడేసుకొని పోయిన గదా. ఏముంది? గోడ లేదు, గడప లేదు. గని మగ్గం గుంతలున్నయ్ బిడ్డా! కాళ్లు దించి కూసోని నేసే గుంతలు. రాళ్లు పేర్చి కట్టినవి. వాడకట్టు పొడుగున నీళ్లు నిండి, ఒక్కొక్క దాంట్ల ఒక్కొక్క సూర్యుడు. చేతులెత్తి మొక్కిన.

"అమ్మా, ఏదో ఒకదాంట్లకెళ్లి తీస్కో, బస్సు పోతది" అంటడు మీ నాయిన.

"ఎవలింటి మన్నో పెట్టి నా మనుమరాలిని సాగదోలాల్నారా?" అన్న.

మా మామ తాటిచెట్టంత మనిషి, ఆయన గుంత గూడ అంత లోతు. ఆయన కండ్లు మసకలైనంక నేను నేత పట్టిన. తొక్కుడు కట్టెలైతె పైకి కట్టుకున్న గని, కాలు ఆనిద్దామంటె అడుగు అందకపాయె. మామతోని కోడలు మాట్లాడేది లేదాయె, ఎట్ల చెప్త? తెల్లారి కూసుంటె ఎడమకాలి కింద సాపురాయి. ఎవలు పెట్టిండ్రో ఎవలూ అనలె. నేనూ అడగలె.

ఇగ ఒక్కొక్క గుంతల కాళ్లు దించి కూసున్న. ముసల్దానికి పిచ్చిలేసిందని మీ నాయిన నెత్తి పట్టుకున్నడు. ఒకదాంట్ల ఊరికెనే అడుగు తాకె. మనది కాదు. ఇంకోదాంట్ల ఒట్టి బురద. ఆ పక్కదాంట్ల కాలు దిగబడి, దిగబడి... ఆగింది. సల్లగ, సాపుగ. ఎడమకాలి కిందనే. ఊరునంత మింగిన గంగ ఆ రాయిని జరుపలె బిడ్డా! ఎన్నడు మాట్లాడందాన్ని, గుంతలకు వంగి, "మామా, నీ మునిమనుమరాలి పెండ్లి" అని చెప్పిన. అప్పుడు తీసిన ఈ మన్ను.

రాయా? ఆడనే ఉంచిన. ఆయన పెట్టింది, ఆయన కాడనే ఉండనీ.

నువ్వు పోయే అడాజన్ అత్తగారింట్ల గూడ, నీ కాలు అందనికాడ, అడగకముందే రాయి పెట్టెటోళ్లు ఉండాలె తల్లీ... జర ఆ డబ్బకు మూతపెట్టు.