తిరిగే సీటు

మోకాలి ఆపరేషనయ్యాక ఆమె గడప దాటడం ఇదే మొదటిసారి. చిన్న కారులోకి కాలు మడవకుండా ఎక్కేలా, పాత ఆఫీసు కుర్చీలో తిరిగే భాగాన్ని ఊడదీసి భర్త ఆమె సీటు కింద బిగించాడు. మొదటి మలుపులోనే సీటు గిర్రున వెనక్కి తిరిగింది.

"ఏవండీ, నాకు వెనకద్దం కనిపిస్తోంది!"

"గొళ్ళెం పెట్టాలని తట్టలేదే. నా తెలివి తెల్లారినట్టే ఉంది."

"పోనీలెండి, ఎక్కడం మాత్రం హాయిగా ఉంది."

"మెచ్చుకోకు, ఇంకోటి బిగించేస్తాను. నెల్లాళ్ళు చెమటోడ్చి పెళ్ళాన్ని వెనక్కి తిప్పిన ఇంజినీర్ని! ఆగు, పక్కకి ఆపి సరిచేస్తాను."

"ఇంకాసేపు ఇలాగే పోనివ్వండి."

"ఎందుకే?"

"మీ డ్రైవింగ్‌లో ముప్పై ఏళ్ళకి భయం లేకుండా కూర్చున్నాను. ముందేం వస్తోందో కనిపించడం లేదుగా."

"నీ అదృష్టమే అదృష్టం. నాకు అన్నీ కనిపిస్తున్నాయి!"