పేరమ్మ కొలిచిన ఏడు సీట్ల బండి

యల్లమంద పెళ్ళాం పేరమ్మ ఉంది చూడు, ఆ మనిషి కూతురి మీద బెంగతో ఎంత చిక్కిపోయిందంటే, ఎండలో నడుస్తుంటే నీడ పడేది కాదంట. నవ్వుతారేంది, నేను కళ్ళారా చూశా. ఆ నీడ యాడ పడిపోయిందో అని కాసేపు వెతికా కూడా. పోనీ ఆ కూతురు త్రివేణి ఏమన్నా సముద్రాలవతల ఉందా అంటే, లేదు. ముప్పరాజుపాలెంలో ఉంది. ఇక్కడ బస్సెక్కి వక్క నోట్లో వేసుకుంటే అది నానేలోపు వచ్చే ఊరు. ఏమైందంటే, యల్లమంద మిరప చేలో బోరు వేయించాడు. ఆ రిగ్గు లారీతో పాటు దేవదానం అని ఒక కుర్రాడొచ్చాడు. నల్లగా నిగనిగలాడుతూ ఉంటాడు, నవ్వితే పట్టపగలు లైటేసినట్టు ఉంటది. బోరులో నీళ్ళు పడ్డాయి. ఎట్టా పడ్డాయంటే, తాటిచెట్లు దాటి లేచి, పైన పోయే మబ్బుల్ని తడిపి కిందకొచ్చినయ్యంట. ఊరు ఊరంతా నోరు తెరుచుకుని నీళ్ళని చూస్తుంటే, త్రివేణి మటుకు నీళ్ళు చూడలా. అంతే అనుకో. మన కులపోడు కాదు, వాళ్ళ దేవుడు వేరు, మన దేవుడు వేరు. యల్లమంద ఒప్పుకుంటాడా? వాళ్ళే పోయి పెళ్ళి చేసుకున్నారు. ఆ రోజు నుంచీ ఆయన, నాకు ఒక్కడే కొడుకు, ఇంకెవరూ పుట్టలా, అనేవాడంట. పెళ్ళాంతో కూడా, నువ్వు దాని గడప తొక్కితే మళ్ళీ ఈ గడప తొక్కమాక, అన్నాడు. ఇంక పేరమ్మ ఏం చేసేదనుకున్నారు? శుక్రవారం వస్తే అంకమ్మ తల్లి కొండకి పోతున్నానని బస్సెక్కేది. ఆ బస్సు ముప్పరాజుపాలెంలో ఆగుద్ది. ఆగిన కాసేపూ తల్లి కిటికీలో, కూతురు గుమ్మంలో. మాటా లేదు, పలుకూ లేదు, బస్సు నిండా ఊరోళ్ళాయె. బస్సు కదిలేది. అదీ వాళ్ళ చూపులు. అంకమ్మ తల్లికి కూడా తెలుసు, ఈమె నా కోసం రావడంలేదని.

ఇట్టా ఉండగా ఆ ఏడు మిరప విరగ్గాసింది. కాయ చూస్తే మూరెడు, కొరికితే పక్కూళ్ళో వాళ్ళకి ఎక్కిళ్ళు. అప్పుడు కొడుకు అంకమ్మరావు, నాన్నా కారు కొందాం, మోటారు సైకిలు మీద నా పెళ్ళాం, పిల్లా ఎండకి మాడిపోతున్నారు, అన్నాడంట. సరే కొందాంలే, ఎంతమందిమి, నేను, మీ అమ్మ, నువ్వు, కోడలు, మనవరాలు, ఐదుగురం, ఐదు సీట్లది చాలు, అన్నాడు యల్లమంద. అప్పటిదాకా మూల కూర్చుని మజ్జిగ చిలుకుతున్న పేరమ్మ కవ్వం ఆపి, ఏడు సీట్లది కొనండి, అందంట. ఎందుకే? ఎందుకంటే ఏం చెబుద్ది పాపం! పిల్ల ఎదుగుద్ది కదా, కాళ్ళు చాపుకుంటది, అంది. ఎంత ఎదిగితే మాత్రం మూడు సీట్లు కావాలా, అదేమన్నా ఏనుగుపిల్లా? అన్నాడాయన. పేరమ్మ మళ్ళీ కవ్వం పట్టుకుంది. ఆ చిలకడం ఎట్టా చిలికిందంటే కుండలో వెన్న రాలా తల్లీ, ఏకంగా కాగిన నెయ్యే వచ్చింది. ఆయనకి అర్థం కాలా అనుకున్నారా? అయింది. మిగతా ఇద్దరూ ఎవరో ఆయనకీ తెలుసు. తెలిసీ తెలియనట్టు, సర్లే, వెనక సీట్లు మడిస్తే బస్తాలు పడతాయి, అని తువ్వాలు దులుపుకుని లేచిపోయాడంట.

పోయారు నరసరావుపేట. అక్కడ షోరూము ఉంది చూడు, అద్దాల మేడ, లోపల నేల ఎంత నున్నగా ఉందంటే పేరమ్మ తన మొహం అందులో చూసుకుని బొట్టు సరిచేసుకుందంట. టై కట్టుకున్న ఒకాయన వచ్చి, రండమ్మా, రండి సార్, మీరు రోజూ ఎంత దూరం తిరుగుతారు, డీజిలు కావాలా, పెట్రోలా, రోడ్డు ఎట్టాంటిది, సామాను ఎక్కువ ఉంటదా, అని చక్కగా అడిగాడు. యల్లమంద ఇవేం వినిపించుకోలా. ఎడ్ల సంతలో ఎద్దుని చూసినట్టు బండి చుట్టూ తిరిగాడు. డొక్కలో చరిచాడు. వెనక డోరు తోకెత్తినట్టు ఎత్తి చూశాడు. ఆఖరికి ఆ నున్నటి నేల మీద బోర్లా పడుకుని, పొట్ట కింద చెయ్యి పెట్టి, మా వాగు చప్టా మీద రాళ్ళు లేచి ఉంటాయి, దీని పొట్ట తగులుద్ది, పనికిరాదు, అన్నాడు. షోరూములో వాళ్ళంతా గుమిగూడి చూస్తున్నారంట. మరి పేరమ్మ యాడ? ఆమె ఏ బండి చూపించినా తిన్నగా పోయి ఆఖరి సీట్లో కూర్చుంటుంది. అమ్మా, మీరు పెద్దవారు, ముందు కూర్చోండి, అంటాడు టై ఆయన. నాకు ఇక్కడే బాగుందిలే నాయనా, అంటుంది. కూర్చుని, సీటుకీ ముందు సీటుకీ మధ్య జానలు పెట్టి కొలిచేది. ఒక బండిలో మోకాళ్ళు గడ్డానికి తగిలాయంట, వద్దంది. ఇంకోదాంట్లో నెత్తి పైన తగిలింది. పేరమ్మ నెత్తి కాదులే, ఆమె అరచేతిని నెత్తి మీద నిలువుగా పెట్టుకుంది, ఆ చెయ్యి తగిలింది. త్రివేణి ఆమె కంటే అంత పొడుగు. ఏటేటా పావడా అంచు దించి కుట్టిన చెయ్యి కదమ్మా, ఆ పిల్ల కాళ్ళెంతో, ఒళ్ళెంతో ఆ చేతికి తెలవదా?

అంకమ్మరావు విసుక్కుని, అమ్మా, ఆ వెనక సీటు ఎవరు ఎప్పుడు ఎక్కుతారని ఇంత పట్టింపు? అన్నాడంట. టై ఆయన కూడా, నిజమేనమ్మా, ఎప్పుడన్నా ఎక్కేవాళ్ళకైతే కాస్త ఇరుకైనా సరిపోద్ది, అన్నాడు. దానికి పేరమ్మ ఏమందో తెలుసా? ఎప్పుడన్నా ఎక్కేవాళ్ళకే నాయనా మంచి సీటు కావాల్సింది, రోజూ ఎక్కేవాళ్ళం ఎట్టాగైనా సర్దుకుంటాం, అంది. ఆ మాటకి టై ఆయన టై వదులు చేసుకున్నాడంట. అప్పుడు తెలిసింది, ఆఖరి సీటు పక్క అద్దం దిగదని. ఏ బండిలోనూ దిగదంట. పేరమ్మ మొహం వాడిపోయింది. త్రివేణికి గాలి తగలకపోతే కడుపులో తిప్పుద్ది, చిన్నప్పుడు బస్సులో కిటికీ పక్కన కూర్చోబెట్టకపోతే ఊరు దాటే లోపు పైట తడిసేది. అయితే మధ్య సీట్లో కూర్చుంటది, వెనక అల్లుడూ మనవరాలూ కూర్చుంటారు, అని మనసులోనే సర్దుకుంది. సర్దుకుని మధ్య సీటు చూస్తే, టై ఆయన రెండు విడి కుర్చీలున్న బండి చూపించి, ఇదమ్మా ఇప్పుడందరూ అడిగేది, ఎవరికి వాళ్ళు రాజాలాగా కూర్చోవచ్చు, మధ్యలో సందుంటది, వెనక్కి నడుచుకుంటూ పోవచ్చు, అని ఊదరగొట్టాడు. విడివిడిగా ఎందుకయ్యా, విడివిడిగా ఇప్పుడే ఉన్నాం కదా, అందంట పేరమ్మ. ముగ్గురు ఒకరినొకరు ఒరుసుకుని కూర్చునే పొడుగు సీటుందే, అది చూపించు. ఆ మాటప్పుడు యల్లమంద పక్కనే అట్టాంటి పొడుగు సీటున్న బండి కింద ఉన్నాడు. విన్నాడు. కాసేపటిదాకా కింద నుంచి లేవలా. లేచి, ఇదే కొనండి, దీని పొట్ట ఎత్తుగా ఉంది, అన్నాడంట.

బండి వచ్చింది. ఎర్రటి దుమ్ములో పెళ్ళికూతురులాగా వచ్చింది. ఇప్పుడు అసలు సంగతి. మా పక్క ఎద్దుబండి రోజుల్నుంచీ ఒక పద్ధతుంది. కొత్త బండి తొలిసారి ఊరు దాటేప్పుడు అందులో ఖాళీ జాగా ఉండకూడదు. ఉంటే ఏ గాలో ధూళో ఎక్కి కూర్చుంటది, మళ్ళీ దిగదు. పేరమ్మ ఎన్నాళ్ళ నుంచీ లెక్క కట్టుకుందో ఈ పద్ధతి మీదే కట్టుకుంది. బండి తొలిసారి అంకమ్మ కొండకే పోవాలి, ముప్పరాజుపాలెం మీదుగానే పోవాలి, సీట్లు రెండు ఖాళీ, ఇంక పిలవక చస్తాడా? ముందు రోజే ఇల్లిల్లూ తిరిగింది. నా దగ్గరకీ వచ్చి, అక్కా, రేపు ఆయన నిన్ను బండెక్కమంటాడు, నీ కాళ్ళు పట్టుకుంటా, ఎక్కమాకక్కా, అంది. అదేం మాటే, అన్నా. అన్నట్టే తెల్లారి యల్లమంద వచ్చాడు. వదినా, కొండకి పోదాం రా, కాళ్ళు చాపుకుని కూర్చోవచ్చు, అన్నాడు. నేను నడుం పట్టుకుని ఒక్క మూలుగు మూలిగా చూడు, పొలాల్లో కొంగలు లేచిపోయాయి. ఊళ్ళో ఆడవాళ్ళందరికీ ఆ పూటే నడుం నొప్పులొచ్చాయంట. ఇంత మంది నడుములు ఒక్కసారే పోయాయంటే ఆయనకి తెలవదా ఎవరి పనో? పంతమొచ్చింది. నా బండికి మనుషులే దొరకరా, బస్తాలు లేవా, అని రెండు మూటల ఎండుమిరపకాయలు తెచ్చి, తల్లి గుడిలో వంటకి ఇద్దాం, అని ఆఖరి సీట్లో వేసి, వాటికి బెల్టు కూడా పెట్టాడంట. పద్ధతికి పద్ధతీ తీరింది, పుణ్యానికి పుణ్యం. పేరమ్మ ఆ మూటల వంక చూసి, మూతులు సరిగ్గా లేవు, నేను కుడతా ఉండండి, అని దబ్బనం తెచ్చి కుట్టింది. ఎట్టా కుట్టిందో మటుకు నన్నడగమాకండి, నడుం నొప్పితో పడుకుని ఉన్నా.

బయల్దేరారు. అద్దాలు దింపమాకండి, కొత్త సీట్ల మీద దుమ్ము పడుద్ది, అన్నాడు యల్లమంద. ఏసీ పెట్టారు. ముప్పరాజుపాలెం మొదట్లో ఒక స్పీడు బ్రేకరుంది, బస్సులో పోయే ఆడవాళ్ళందరికీ తెలుసు, అది స్పీడు బ్రేకరు కాదు, చిన్న కొండ. బండి ఎగిరి పడింది. మూటల మూతులు విచ్చుకున్నాయి. ఇంక చూడూ! ఏసీ గాలికి ఆ ఘాటు లేచి ఒక్క తిరుగుడు తిరిగింది. అంకమ్మరావుకి దారి కనపడక బండాపాడు. ఐదుగురూ నాలుగు తలుపుల్లోంచీ రోడ్డు మీద పడ్డారు. దగ్గులు, తుమ్ములు, కళ్ళల్లో నుంచి ధారలు. ఎక్కడ పడ్డారనుకున్నారు? సరిగ్గా త్రివేణి ఇంటి ముందు, ఆ వాకిట్లోనే దేవదానం ఇప్పుడు మోటార్లు బాగుచేసే కొట్టు పెట్టుకున్నాడు. ఊరోళ్ళు చూస్తే ఏం కనపడింది? యల్లమంద కుటుంబం కుటుంబమంతా కూతురి గుమ్మంలోకొచ్చి గుండెలవిసేలా ఏడుస్తోంది. ఎవరో పోయారురా, అని జనం మూగారు. లోపల నుంచి త్రివేణి పరిగెత్తుకుంటూ వచ్చింది. నాన్నా, ఏమైంది నాన్నా, ఎవరికేమైంది? చెప్పు నాన్నా! అని ఆయన భుజాలు పట్టుకుని ఊపేసింది. ఆయన చెబుదామంటే దగ్గు. కాదు కాదు అని చెయ్యి ఊపుతాడు, ఆ పిల్ల ఇంకా బెదిరిపోద్ది. ఇన్నాళ్ళ తర్వాత ఆ పిల్ల నాన్నా అన్నది అప్పుడే అనుకో.

మిరపకాయలని తెలిశాక చెంబుతో నీళ్ళు తెచ్చింది. అందరూ తాగారు, ఆయన తాగలా. మీకు చెప్పలా కదూ, ఆ పిల్ల వెళ్ళిపోయినప్పుడు నడిబజార్లో నిలబడి, దాని ఇంట పచ్చి మంచినీళ్ళు ముట్టను, అని ఒట్టేశాడు. ఊపిరాడక కళ్ళు తేలేస్తున్నాడు గానీ చెంబు వంక చెయ్యి చాపడు. దేవదానం దూరంగా నిలబడి, మీరు తాగండి మావయ్యా, నేను లోపలికి పోతాలే, అన్నాడంట. యల్లమంద తల అడ్డంగా ఊపాడు. అప్పుడు త్రివేణి, తాగొద్దులే నాన్నా, కళ్ళు కడుక్కో, కళ్ళకి ఒట్టు లేదుగా, అంది. ఆయన చేతుల నిండా మిరప ఘాటే, కళ్ళకి పెడితే ఇంకా మంట. ఇంక ఆ పిల్లే ఆయన తల వంచి, తన చేత్తో మొహం కడిగింది. కళ్ళు కడిగింది, ముక్కు కడిగింది, చెవుల వెనక కూడా కడిగింది. మొహం కడుగుతుంటే నోట్లోకి నీళ్ళు పోకుండా ఎట్టా ఉంటాయి? పోయినయ్యి. ఆయన ఉమ్మలా. మింగాడంట. మంట ఎప్పుడో తగ్గింది గానీ, ఆయన కళ్ళు మటుకు తెరవలా, ఇంకొంచెం పొయ్యి, ఇంకొంచెం పొయ్యి, అంటూ వంగే ఉన్నాడు. చెంబు అయిపోయింది. దేవదానం బిందె తెచ్చి పెట్టాడు. అదీ అయిపోయిందంట. మీరు నమ్మినా నమ్మకపోయినా, ఆ పూట రోడ్డు మీద కాలవ పారింది.

మూటలు దించేశారు. వాటిని మళ్ళీ ఎక్కించే ధైర్యం ఎవరికుంది? రెండు జాగాలు ఖాళీ. యల్లమంద తువ్వాలుతో మొహం తుడుచుకుని, రోడ్డు వంక చూస్తూ, ఏమయ్యా, తొలిసారి పోయే బండి ఖాళీగా కదలకూడదు, అన్నాడంట దేవదానంతో. త్రివేణి గుమ్మంలోనే నిలబడింది. తండ్రి కూతురు కదా! బండి కోసం పిలుస్తున్నావా, నా కోసమా? అంది. ఎగిరే ఈగ కూడా ఆగిపోయింది. యల్లమంద తువ్వాలు మడిచాడు, మళ్ళీ విప్పాడు. ఆఖరికి, నాకు చెప్పడం చేతకాదే తల్లీ, వచ్చి కూర్చో, అన్నాడు.

కూర్చుంది. మధ్య సీట్లో, కిటికీ పక్కన, తల్లిని ఒరుసుకుని. వెనక అల్లుడూ మనవరాలూ. పేరమ్మ బస్సు కిటికీలో నుంచి మూటగట్టుకున్న మాటలు బండెడు ఉన్నాయి, ఒక్కటంటే ఒక్కటి బయటికి రాలా. కూతురి చెయ్యి తన ఒళ్ళో పెట్టుకుని కొండ దాకా పోయింది, కొండ నుంచి వచ్చింది. యల్లమంద, మెల్లగా పోనీరా, కొత్త బండి, తొందరపెట్టకూడదు, అని కొడుకుని ఎంత మెల్లగా తోలించాడంటే, గొర్రెలు దాటిపోయాయంట, తాబేలు దాటిపోతూ వెనక్కి తిరిగి చూసిందంట. ఎంత మెల్లగా పోతే మాత్రం ముప్పరాజుపాలెం రాకుండా ఉంటదా? వచ్చింది. పిల్ల దిగింది. పేరమ్మ దిగలా, ఆ జాగాలో చెయ్యి పెట్టుకుని కూర్చుంది, ఆ వెచ్చదనం పోయేదాకా. ఇప్పుడు యల్లమంద, తిప్పకపోతే బండి పాడైపోద్దంట, అంటూ వారం వారం కొండకి పోతున్నాడు. అంకమ్మ తల్లి కూడా విసుక్కుంటోంది, వీళ్ళకి ఇంట్లో పనుండదా అని.

మొన్న నన్నూ రమ్మన్నారు. సర్దుకుంటాంలే అక్కా, రా, అంది పేరమ్మ. నేను పోలా. ఏడు సీట్లు వాళ్ళకి సరిపోయాయి, బాగుంది. నా వాళ్ళందరినీ ఎక్కించాలంటే, మా ఆయన, మా అమ్మ, నా చెల్లెలు, పోయిన నా పెద్దాడు, అబ్బో, రైలు కావాలి. అదీ పైలోకం దాకా పోయి, వాళ్ళని ఎక్కించుకుని మళ్ళీ వెనక్కొచ్చేది. అట్టాంటిది యాడన్నా అమ్ముతుంటే చెప్పండర్రా, రంగు ఏదైనా నాకు పర్వాలేదు.