పదికి నాలుగు

శుక్రవారంలోగా ఫారం మీద స్కూలు కౌన్సెలర్ సంతకం పడాలి. తప్పిన ఆల్జీబ్రా క్రెడిట్ కోసం వేసవిలో ఏ ఆన్‌లైన్ కోర్సు తీసుకోవాలా అని జోలీన్, తల్లి వెర్నా వంటింటి బల్ల దగ్గర వాదించుకుంటున్నారు.

“ఇదైతే మూడు వారాల్లో అయిపోతుందమ్మా. టీచరు గొడవే లేదు.”

“వద్దు. ఆ రెండోది తీసుకో.”

“అది పది వారాలు! రోజూ సాయంత్రం ఆరింటికి టీచరు ముందు కూర్చోవాలి. మరి స్విమ్మింగ్ పూల్లో నా లైఫ్‌గార్డు పని?”

“పొద్దున పూట చేసుకో. ఆరింటికల్లా నేనూ డైనర్‌లో పని ముగించుకుని వచ్చేస్తాను.”

“వచ్చి? నాకు కాపలా కూర్చుంటావా?”

“ఎక్కువ మాట్లాడకుండా ఫారం నింపు.”

జోలీన్ విసుక్కుంటూ ఇంట్లో ఇద్దరూ వాడే లాప్‌టాప్‌లో రెండో కోర్సు తెరిచింది.

“అమ్మా, ఇందులో నమూనా పాఠం ఎవరో చదివేశారు. పరీక్ష కూడా రాశారు. పదికి నాలుగొచ్చాయి.”

వెర్నా సింకు వైపు తిరిగి, కడిగిన కప్పునే మళ్ళీ కడగసాగింది.

“నువ్వు పదో తరగతిలోనే బడి మానేశానన్నావు కదా?”

“ఊరికే మానలేదు. నువ్వు కడుపులో పడ్డావు.”

జోలీన్ పెన్ను అందుకుంది. ఫారంలో రెండో కోర్సు పేరు రాసింది.

“ఆరో లెక్క మాత్రం నేను చేసిందే రైటు,” అంది వెర్నా.

జోలీన్ తెర మీద ఆ లెక్క చూసి, పక్క కుర్చీ లాగింది.

“కాదమ్మా, మైనస్ గుర్తు మర్చిపోయావు. ఇలా కూర్చో.”