పంతొమ్మిది ఇంచీల మోనిటరు

2008 ఎండాకాలం, మధ్యాహ్నం. కాశీబుగ్గ బస్టాండు ఎదుటి సందులో కంప్యూటర్ల దుకాణం. దుకాణదారు నిరంజన్, టెక్కలిలో పనిచేసే రూబెన్ మాస్టారు, ఆయన భార్య తమ్ముడు సైలస్.

"పదిహేడు ఇంచీలంటే తక్కువేటి సైలసూ? మా బడిలో ఉన్నవన్నీ పదిహేనే."

"బడిలో మీరు మార్కులు ఎక్కించుకుంటారు బావా. నాను ఆట ఆడతాను. పదిహేడులో మూల నుండి వచ్చినోడు కనపడేలోపల నాను సచ్చిపోయుంటాను."

"నిరంజన్ బాబూ, నువ్వు చెప్పు. పదిహేడుకీ పంతొమ్మిదికీ తేడా ఏటి?"

"రెండువేల ఎనిమిదొందలు మాస్టారూ."

"డబ్బు కాదయ్యా. బొమ్మలో."

"బొమ్మలో ఏటుంటాది. అదే బొమ్మ, కాస్త పెద్దగా. కానీ మోనిటరు పెద్దదైతే డబ్బా లోపల గ్రాఫిక్స్ కార్డు కూడా పెద్దది ఉండాల. అక్కడ చిన్న కార్డు పెట్టి ఇక్కడ పెద్ద తెర పెడితే ఆట ఈడుస్తాది. ఆగి, ఆగి నడుస్తాది."

"అదే సెప్తన్నాను బావా. పంతొమ్మిది ఎట్టించు, కార్డు ఐదొందల పన్నెండు ఎంబీది ఏయించు."

"ఆ కార్డెంత?"

"ఆరువేల రెండొందలు మాస్టారూ."

"ఒక్క కార్డుకా?"

"కార్డేస్తే సరిపోదు, దానికి కరెంటిచ్చే ఎస్ఎంపీఎస్ కూడా బలమైంది ఎయ్యాల. మామూలుది ఏస్తే నెలకి కాలిపోతాది. అదో పదిహేనొందలు."

"ఒకటి పెంచితే ఇంకోటి పెరుగుతాదన్నమాట."

"బేలన్సు మాస్టారూ. ఒకటి గట్టిది, పక్కది నీరసంది పెడితే పని నడవదు. అన్నీ ఒక జోడీగా ఉండాల."

"అయితే యూపీఎస్ తీసీ."

"యూపీఎస్ లేకుండానా? రోజుకి ఆరుసార్లు పోతాది కరెంటు."

"వీడిది బారువ. అక్కడ కరెంటుంటే కదా పోడానికి."

"సూడన్నా, మా బావకి మా ఊరంటే ఎంత గౌరవమో. యూపీఎస్ ఉండాల బావా. ఉప్పుగాలికి తుప్పట్టకుండా కవర్లు కూడా కావాల. రాయన్నా."

"ఒక మాటడుగుతాను మాస్టారూ, ఏటీ అనుకోకండి. పోయినేడాది బడికి ప్రింటరు కొన్నప్పుడు వందరూపాయల కోసం మూడు రోజులు తిరిగారు నాతోటి. ఈవేళ ముప్పై దాటిపోతంది, తలూపుతున్నారు. తమ్ముడు ఎంసెట్‌లో ర్యాంకేమైనా కొట్టాడేటి?"

"ఇంటర్ తప్పాను అన్నా. రెండుసార్లు."

"మరి?"

"నన్ను కోస్తన్నారు. ఇదుగో, ఈ ఎడంపక్క."

"ఏటి కొయ్యడం?"

"కిడ్నీ. మా అక్కకి ఇత్తన్నాను."

"సైలసూ, బజార్లో ఎందుకురా ఆ మాటలు."

"బజారేటి బావా. మొన్న ఆదివారం ఆరాధనలో సాక్ష్యం సెప్పించినావు కదా. నా సేతికి మైకిచ్చీసి మూడొందలమంది ముందర నిల్చోబెట్టినావు. పాస్టరుగారు దండేసినారు. ముసలమ్మలు ఏడిసినారు. సంఘం ముందర మాటిచ్చినోడు ఎనక్కి తిరగలేడనే కదా, నీ తెలివి."

"నీకు నువ్వే లేచావు."

"లెగలేదు. నా సంకలో సెయ్యెట్టి లేపినావు. ఇప్పటికీ నొప్పుంది."

"దయమ్మగారికా మాస్టారూ? మా పాపకి బడిలో ఓనమాలు నేర్పింది ఆవిడే. ఎప్పటినుండి?"

"రెండేళ్లు దాటింది. వారానికి రెండుసార్లు విశాఖపట్నం. చీకటితో బండెక్కడం, నాలుగ్గంటలు మిషను మీద పడుకోడం, మళ్లీ బండెక్కడం. ఒంట్లో ఇంక ఓపిక లేదు బాబూ. కిడ్నీ మారిస్తే బతుకుతాది, లేపోతే ఈ వానాకాలం చూడదన్నారు డాక్టరుగారు."

"అయ్యో. మీది పనికిరాలేదా?"

"నా గ్రూపు కలవలేదు."

"కలవలేదని తెలిసినరోజు మా బావ ఇంట్లో కోడి కోసినారన్నా."

"నోరుముయ్యి. ఆరోజు పాస్టరుగారు భోజనానికొచ్చారు."

"అవునవును. పాస్టరుగారి కోసమే. నాను కూడా రెండు ముక్కలు తిన్నాను, ఉత్తినే అనకూడదు."

"ఊరుకో తమ్ముడూ. ఏదేమైనా గొప్ప పని చేస్తన్నావు. ఉద్దానం వైపు ఊరూరా ఈ కిడ్నీ జబ్బే, అయినా ఈరోజుల్లో రక్తం ఇచ్చి చూపించుకోడానికే ఎవరూ ముందుకి రారు."

"నానూ ఎల్లీవోణ్ణి కాదన్నా. మా ఊళ్లో పరీక్ష సేయించుకుంటేనే జబ్బు బయటకొత్తాదంటారు. మా కూర్మయ్య మావ బాగా తిరిగీవోడు, వల లాగీవోడు. ఎవులో సెప్పారని రక్తం ఇచ్చినాడు. కాగితం వచ్చింది, మంచం ఎక్కినాడు, అంతే. అప్పటినుండి డాక్టర్ల వేను వచ్చిందంటే ఊరంతా తోటల్లోకి ఎల్లిపోద్ది. నాకు సూది గుచ్చడం ఇదే మొదలు. అదీ మా అక్క కోసం."

"అదేదో కొండెక్కినట్టు. పది సీసాల రక్తం తీశారా?"

"ఒకసారి కాదు బావా, రెండుసార్లు తీసినారు. మొన్న మళ్లీ పిలిసి తీసినారు. అందుకే, పంతొమ్మిది రాయించు. స్పీకర్లు కూడా, కింద ఊఫరున్నవి."

"స్పీకర్లెందుకురా?"

"ఎటునుండి కాలుస్తన్నాడో సెవికి తెలియాల కదా."

"నీకు మీ అక్క మీద ప్రేమ లేదేటిరా?"

"ఉంది. అందుకే ఇత్తన్నాను. నీ మీద నేదు, అందుకే అడుగుతన్నాను."

"రాసీ నిరంజన్. ఊఫరున్నవే రాసీ."

"మాస్టారూ, ఆలోచించుకోండి. కావాలంటే కార్డొకటి తగ్గించి..."

"తగ్గించకన్నా. కోసినాక మూడ్నెల్లు బరువెత్తకూడదన్నారు. సేపల వేటకెల్లడం కుదరదు. కూకోని ఏటి సెయ్యను, పైకప్పు పెంకులు లెక్కెట్టుకోవాలా? బావా, కీబోర్డు లైట్లెలిగీది."

"రాసీ."

"మౌసు కూడా ఆటలది."

"రాసీ, రాసీ. ఇంకేటి? దీనికి పూజారిని పిలిచి కొబ్బరికాయ కొట్టించమంటావా?"

"ప్రార్థన నువ్వే సేద్దువు, నీకు అలవాటే కదా."

"మొత్తం ముప్పై ఆరువేల నాలుగొందలు మాస్టారూ. అయిదువేలు అడ్వాన్సిచ్చారు. మిగతాది డెలివరీ రోజున ఇద్దురు."

"ఉండు బాబూ, ఫోను. విశాఖ నంబరు. ఆ, సిస్టరుగారూ, వందనాలండీ. రూబెన్నే, దయమ్మ భర్తని. బాగానే ఉందండీ, రాత్రి కాస్త ఆయాసం. ఆ. ఆ. వచ్చాయా? మంచిది. అయితే ఏ తారీకు... ఏటండీ? ఎవరిది? చీటీలు మారిపోలేదు కదా, పేరు మళ్లీ చూడండి. ఆ. అవునండీ, సైలసే. రెండోసారి తీసినదాంట్లో కూడానా? అయితే ఇంక అదే ఖాయమా. ఆ. ఆ. ఆవిడకి నేను చెప్పుకుంటాను. వాడికింకా తెలీదు, పక్కనే ఉన్నాడు. అలాగేనండీ. ఉంటాను."

"ఎవులు బావా?"

"ఆసుపత్రి."

"డేటిచ్చినారేటి?"

"చెప్తాను. నిరంజన్ బాబూ, ఆ కాగితం ఒకసారి ఇలాగియ్యి. పెన్ను కూడా."

"ఏటి కొట్టేస్తన్నావు బావా?"

"స్పీకర్లు."

"ఎందుకు?"

"నీకు చెవుడు లేదు కదా. కీబోర్డు లైట్లెందుకు, మామూలుది ఎంత బాబూ?"

"నూట ఎనభై."

"అది రాయి. కార్డు వద్దు."

"కార్డు నేకపోతే ఆట తెరుచుకోదు బావా."

"మూసుకునే ఉండనీ. పంతొమ్మిది కొట్టీ, పదిహేడూ వద్దు. ఆ మూల లావు మోనిటరొకటుంది కదా, అదెంత?"

"అది పాతది మాస్టారూ. నెట్ సెంటర్ ఢిల్లీరావు మార్చుకుని ఒదిలేశాడు. పక్కన పచ్చమరక ఉంది. పద్దెనిమిదొందలకిస్తాను."

"అది చాలు వీడికి."

"బావా, ఏటైపోయింది నీకు? ఇప్పుడే కదా రాసీ రాసీ అన్నావు. ఆ పచ్చమరక నాకొద్దు. నాను ఇయ్యను సెప్తన్నాను. పాస్టరుగారి దగ్గిరికెల్లి, మా బావ మాట తప్పినాడు, నాను కూడా తప్పుతన్నానని సెప్పీత్తాను."

"చెప్పు."

"నిజంగా సెప్తాను. ఇయ్యను."

"ఇయ్యకు."

"ఏటి?"

"ఇయ్యకురా. నీది అక్కర్లేదన్నారు."

"అంటే?"

"అంటే అదే. పనికిరాదు. దండ తీసుకెళ్లి పాస్టరుగారికి ఇచ్చీ."

"మాస్టారూ, కూర్చోండి. మంచినీళ్లు తాగండి. తమ్ముడూ, నువ్వు కూడా కూర్చో."

"కలవలేదా బావా? మొన్న కలిసిందన్నారు కదా."

"మొన్న గ్రూపు కలిసింది. ఇది వేరు."

"అయితే కోత నేదేటి?"

"లేదు."

"నిజంగా?"

"లేదన్నాను కదా."

"పదిరోజులైంది బావా నాను పడుకుని. కన్ను మూత్తే కత్తే. అమ్మ నా పక్కన కూకోని ఈపు తడుముతాది, ఎక్కడ కోత్తారో అని. నేదా. ఇంక నేదా."

"నవ్వుతున్నావు."

"నవ్వట్లేదు."

"నవ్వుతున్నావురా. నిరంజన్, నువ్వు చూడు, వీడు నవ్వుతున్నాడా లేదా? మీ అక్క ఏమవుతుందని అడగలేదు నువ్వు. ఒక్క మాట."

"అడుగుదును. అక్కకి ఇంకెవులైనా దొరుకుతారు. దేవుడున్నాడు."

"ఉన్నాడు. నాకీపూట బాగా తెలిసింది."

"నా తప్పేటుంది బావా ఇందులో? ఇత్తానన్నాను, రెండుసార్లు సూది గుచ్చించుకున్నాను. ఎనక్కి తగ్గింది నాను కాదు, నా కిడ్నీ. నా మాట నాను నిలబెట్టుకున్నాను. కంప్యూటరు నాకు రావాల. పంతొమ్మిదిదే రావాల."

"సిగ్గులేదేటిరా నీకు?"

"నీకుందేటి? అయిదు నిమిషాల కిందట నాను తమ్ముణ్ణి. కొబ్బరికాయ కొట్టిస్తానన్నావు. ఫోనొచ్చింది, కుక్కనైపోయాను. నిజం సెప్పు బావా, నీకు కావాల్సింది నానా, నా ఎడంపక్కా?"

"ఎడంపక్కే."

"విన్నావేటన్నా?"

"నన్నెందుకు లాగుతావు తమ్ముడూ, మీ ఇంటి విషయం."

"వింటే విననీ. ఇంటర్ రెండుసార్లు తప్పినవాడితో నాకేటి పని? మీ నాన్న నీ ఫీజుకి పడవ అమ్మాడు. మీ అక్క గాజులు తాకట్టు పెట్టింది. నీలో పనికొచ్చేది ఒకటైనా ఉందని పదిరోజులు సంబరపడ్డాను. అదీ లేదు. నువ్వు పుట్టి ఎవరికేం ఒరిగిందిరా?"

"మాస్టారూ, పెద్దవారు, అంత మాట అనకండి. పిల్లడు ఇస్తాననే వచ్చాడు."

"అననీ అన్నా. ఆడి కడుపుమంట. బావా, విను. నువ్వన్నవన్నీ విన్నాను, ఇప్పుడు నాది విను. పోయినవన్నీ నీయి. మా అక్కని మోసుకుని నువ్వే తిరుగు. నాను ఇటునుండిటే బస్సెక్కి ఊరెల్లిపోతాను. రేపు తెల్లారకుండా సముద్రంలో ఉంటాను. రెండేళ్లు వేటకెల్తాను, నా డబ్బుతో నానే కొనుక్కుంటాను, పంతొమ్మిది కాదు, ఇరవైరెండు. నాదేటీ పోనేదు. నాయి రెండూ నాకున్నాయి."

"వెళ్లకు. కూర్చో."

"ఎందుకు కూకోవాలి? ఇంకా తిట్టాలా?"

"కూర్చోమన్నాను. నిరంజన్ బాబూ, ఆ పచ్చమరక మోనిటరు కూడా కొట్టీ. మొత్తం కాగితం చింపీ. నా అయిదువేలు నాకిచ్చీ."

"ఇస్తాను మాస్టారూ. తమ్ముడు ఇంత ఆశపడ్డాడు, ఏదో ఒకటి ఇప్పించండి పాపం. కావాలంటే వాయిదాల్లో కట్టుకుందురు."

"వద్దు."

"పెళ్లాం రైలు ఛార్జీలకి ఉంచుకుంటన్నావేటి బావా ఆ అయిదువేలు? ఉంచుకో. నాను అడగను."

"దానికి నా జీతముంది."

"మరెవులికి?"

"నీకే. నీ రెండూ పాడైపోయాయంట సైలసూ, సోమవారం నుండి మీ అక్క పక్క మంచం నీ పేరున రాశారు."