విస్సంరాజు గారి కారుకి గాలి

విస్సంరాజు గారని ఒకాయన ఉన్నాడు. ఉన్నాడంటే ఇప్పుడూ ఉన్నాడు, పొద్దున మన షెడ్డు ఎదర నుంచే వెళ్ళేడు గదా, ఆ ఎర్ర కారులో. చేతులు ఆపకండమ్మా, రొయ్యల తలలు తీస్తానే వినండి. ఆ కారుకి రెండే సీట్లు, నేలకి ఆనుకుని ఉంటాది, ఆయన దిగేటప్పుడు చూస్తే నూతిలోంచి ఎక్కొస్తున్నట్టుంటాడు. రొయ్యల్లో నాలుగు పంటలు కలిసొచ్చేక కొన్నాడంట. ఇంకోడైతే పండక్కో పెళ్ళికో తీస్తాడు, ఈయన రోజూ చెరువుకి అందులోనే. మేత బస్తాని పక్క సీట్లో కూకోబెట్టి బెల్టు కూడా పెడతాడు. అంతా బానే ఉంది గాని ఏమైందంటే, ఆయన బావమరిది ఒక పెద్ద బండి కొన్నాడు. రోజూ పొద్దున్నే కాలవ వంతెన ఎక్కేకాడ హారను కొట్టి మరీ దాటిపోతన్నాడంట. ఈయన తొక్కుతాడు, కారు అరుస్తాది గాని జోరందుకోదు. అరుపు ఈయన కారుది, ముందుపోయేది బావమరిది. ఎంత నామోషీ అనుకో.

అప్పుడు టౌన్లో కార్లు బాగుచేసే అతను చెప్పేడంట, రాజుగారండి, ఇంజనుకి గాలి చాలట్లేదండి అని. ఆ మాట ఈయనకి ఎంటనే ఎక్కేసింది. రాత్రీ పగలూ చెరువుకి గాలి కొట్టించే రొయ్యల రైతుకి గాలి చాలట్లేదంటే ఇంకేం వివరంగా చెప్పాలి? గాలి ఎక్కువ పట్టించడానికి రెండు దార్లున్నాయంట. ఒకటి సూపర్‌ఛార్జరు. దాన్ని ఇంజనుకే పట్టీ ఏసి తిప్పుతారు, తొక్కగానే లాగుతాది, కాకపోతే ఇంజను బలంలోంచే కొంత తింటాది. రెండోది టర్బో. అది పొగతో తిరుగుతాది, ఎలాగూ బయటికి పోయే పొగే గనక దానికి వేరే తిండి అక్కర్లేదు. కాకపోతే తొక్కిన కాసేపటికి గాని లేవదు, లేచిందంటే ఒక్కసారే తోసేస్తాది. ఏది పెట్టించాలి? ఆరు నెలలు ఆలోచించేడు. నిజం, ఆరు నెలలు. టీ కొట్టు కాడ అడిగేడు, మేత అమ్మేవాణ్ణి అడిగేడు, క్షవరం షాపులో గెడ్డానికి సబ్బు ఉండగానే అడిగేడు. ఊరు పట్టీ వాళ్ళూ పొగ వాళ్ళూ అని రెండైపోయింది, అందులో కారు నడపడం రానోళ్ళే ఎక్కువ అరిచేరు. చివరికి వాళ్ళావిడ సుందరాయమ్మ గారిని అడిగేడంట. ఆవిడ కూర కలుపుతానే, "పొగది మీలాంటిదండి, నాలుగుసార్లు పిలిస్తే గాని లేవదు. పట్టీది నాలాంటిది, పిలిచేసరికి లేచుంటాది, కాకపోతే ఇంత తిండి పెట్టాలి. మన గట్టు మీద మూడో గేరు పడేలోపు ఎవరిదో గేదె అడ్డమొస్తాది, ఇంక ఆ పొగది లేచేదెప్పుడు?" అందంట. మర్నాడే పట్టీదానికి కబురెట్టేసేడు.

పెట్టె వచ్చింది. బిగించే అతను నాలుగు రోజులాగి వస్తానన్నాడు. ఈయనకేమో ఆత్రం. మన చెరువుల కాడ ఇంజన్లు బాగుచేసే ఏసుపాదాన్ని పిలిచి చూపించేడంట. ఏసుపాదం అటు తిప్పేడు, ఇటు తిప్పేడు, "రాజుగారండి, ఇది మన రొయ్యపిల్లల హేచరీల్లో గాలి కొట్టే బ్లోయరేనండి, కాస్త షోకు చేసుకుంది" అన్నాడంట. పని చేస్తాదో లేదో ఎలా చూస్తావురా అంటే, "ఎలా ఏంటండి, నీళ్ళలో పెట్టి" అన్నాడంట. మనకి గాలి కొట్టేది ఏదైనా నీళ్ళలో పెట్టి చూడ్డమే గదా, ఇంకోలా చూడ్డం మనకి తెలీదు. డీజిల్ ఇంజనుకి పట్టీ కట్టి, దాని మూతికి గొట్టం తొడిగి నీళ్ళ గోళెంలో ముంచేడు. గోళెం గోళెమంతా ఉడికినట్టు పొంగిందంట. రాజుగారు మురిసిపోయి, దాన్ని తువ్వాలుతో తుడిచి, మళ్ళీ పెట్టెలో పెట్టేసుకున్నాడు.

ఇప్పటిదాకా చెప్పింది నేను విన్నది. ఇక్కణ్ణించి నా కళ్ళతో చూసింది. మూడ్రోజులు మబ్బు పట్టింది, గుర్తుందా? మబ్బు పడితే చెరువు నీళ్ళలో గాలి పడిపోయి రొయ్యకి ఊపిరాడదు, మీకు చెప్పక్కర్లేదు. నాలుగోరోజు తెల్లారతా కరెంటు పోయింది. నా జనరేటరు రెండుసార్లు దగ్గి ఊరుకుంది, చెరువులో గాలి కలిపే ఏరియేటర్లు ఆగిపోయేయి. నాది అరెకరం చెరువు, మా ఆయన పోయేక నన్ను సాకింది అదే. ఇంకో పదిరోజుల్లో పట్టుబడి, రొయ్యలు పట్టి అమ్ముకోడమే. చూద్దును గదా, రొయ్యలన్నీ అంచుకొచ్చి మూతులు పైకెత్తి తేలతన్నాయి. అందరి జనరేటర్లూ వాళ్ళవాళ్ళ చెరువుల మీదే ఆడతన్నాయి, ఎవర్ని అడుగుతాం? ఏసుపాదం వచ్చి విప్పి చూసి, "అక్కా, ఇది సాయంత్రానికి గాని లేవదు" అన్నాడు. సాయంత్రానికి రొయ్యలుంటాయా? రాజుగారి పెట్టె ఇద్దరికీ ఒకేసారి గుర్తొచ్చింది. ఇద్దరం రాజుగారింటికి పరిగెత్తేం.

ఆయన కారు మూత ఎత్తి పెట్టుకుని కూర్చున్నాడు. ఆరోజే, పది గంటలకే, బిగించే అతను వచ్చేది. ఆ పెట్టెని నా చెరువుకి ఇమ్మని ఏసుపాదమే అడిగేడు. రాజుగారు పెట్టె మీద చెయ్యేసి, "చెరువు నీళ్ళు తగిల్తే గ్యారంటీ పోతాదంట" అన్నాడు. తర్వాత కారుని చూసేడు. ఆరు నెలలు ఆలోచించే మనిషి గదా, అంతసేపు నా రొయ్యలు ఆగలేవు దేవుడా అనుకున్నాను. అప్పుడడిగేడు, "మొన్న గోళెంలో బుడగలు బాగా వచ్చేయి కదరా?" "ఉడికిపోయిందండి." "అయితే ఎక్కించు." పెట్టెని మేత బస్తా సీట్లో పెట్టి బెల్టు పెట్టేడు. మేము ఏసుపాదం మోపెడ్ మీద ఎనకాల. వంతెన కాడ బావమరిది హారను కొట్టి దాటేడు, ఈయన అటు చూడనే లేదు. గట్టు మీద గేదె అడ్డమొచ్చింది, సుందరాయమ్మ గారు చెప్పినట్టే. ఈయనే దిగి తోలేడు.

నా నీళ్ళు తోడే డీజిల్ ఇంజనుకి పట్టీ కట్టేం. గొట్టాలకి చిల్లులు పొడిచి అడుక్కి దించేం. దుమ్ము పోకుండా గాలి పీల్చేకాడ నా పాత చీర ముక్క కట్టేం. తొక్కగానే లాగుతాదన్నారు చూడు, అది అబద్ధం కాదు. మధ్యాహ్నానికి రొయ్యలు కిందకి దిగిపోయేయి. పోలేదనను, ఒక గంపెడు పోయేయి. మిగతావి నిలబడ్డాయి. రాజుగారు తెల్ల పంచెతో బురదలో కూర్చుని బుడగలే చూస్తన్నాడు. అప్పుడొచ్చింది నాకు ఏడుపు. బిగించడానికొచ్చిన టౌను అతను వెతుక్కుంటా అక్కడికే వచ్చేడు, చీర ముక్క చూసేడు, వచ్చిన దారినే వెళ్ళిపోయేడు.

తీసేద్దాం తీసేద్దాం అంటానే మూడు పంటలైపోయింది, మన కరెంటు సంగతి మీకు తెల్సుగా, అది అక్కడే ఉంది. రోజూ పొద్దున ఎర్ర కారు అరుచుకుంటా వస్తాది, బావమరిది దాటిపోతాడు, ఈయన నా చెరువు కాడ దిగి, "ఏం గంగా, మనోడు లాగుతున్నాడా?" అంటాడు. "లాగుతున్నాడండి" అంటాను. ఆమధ్య అడిగేడు, కారుకి ఇంకోటి తెప్పిస్తాను, ఏది తెప్పించమంటావని. నేను చెప్పేను, "ఈసారి పొగది తెప్పించుకోండి రాజుగారండి. అదైతే పట్టీ కట్టడానికుండదు, చెరువుకి పనికిరాదు, మేమెవరం అడగం." నిజమే అన్నాడు. నాలుగు నెలలైంది, ఇంకా ఆలోచిస్తన్నాడు.