నడుమ పోయిన గంట

రెండు వేల పద్నాలుగు, మే నెల చివరి వారం. జనగామ పోయే హైవేకు ఆరు కిలోమీటర్ల లోపల ఒక ఊరి సర్కారు దవాఖాన. మధ్యాహ్నం ఓపీ అయిపోయింది. రోగులను పెద్దాసుపత్రులకు కుదిర్చి పంపే ఆరోగ్యమిత్ర ఆస్మా బల్ల ముందు, మూడేండ్ల కింద సకల జనుల సమ్మెలో ఈ మండలాన్ని నడిపించిన జగపతి కూర్చుని ఉన్నాడు.

"బీపీ కాదు ఆస్మా. గా మిషన్ పక్కకు పెట్టు."

"నిద్ర పడ్తలేదంటిరి కదన్నా. డాక్టరమ్మ నాలుగింటికి వస్తది. గప్పటిదాక నేను ఓపీ చీటీ రాసి—"

"చీటీ నేనే తెచ్చిన."

"ఏం చీటీ?"

"సూడు. నీ రాతనే."

"ఇది... ఇది మీ కాడెందుకు ఉందన్నా?"

"మూడేండ్ల నుంచి నా కాడనే ఉంది. సమ్మెల హైవే మీద ఆటో ఆపిన నాడు జాల్యా చేతిలకెల్లి తీసుకున్న. మల్ల ఇయ్య మర్చిన. ద్వాళి, భర్త పేరు జాల్యా, ఇరవై మూడేండ్లు, గుండె వాల్వు, అత్యవసరం. కింద నీ సంతకం."

"పాత కాయితం. పడేయుండ్రి."

"పడేద్దామనే రెండు సార్లు పొయ్యి కాడికి తీస్కపోయిన. చెయ్యి రాలే."

"నాకియ్యుండ్రి, నేను చింపుత."

"ఉండు. చౌరస్తల అమరుల స్థూపం లేపుతున్నం, ఎరికే కద."

"ఎరికే. జూన్ రెండుకల్ల అయిపోవాలంటున్నరు."

"పేర్లు చెక్కెటాయన రేపొస్తడు. ద్వాళి పేరు గుడ చెక్కియ్యాలని ఉంది నాకు."

"ద్వాళి పేరా? ఎందుకు? ఆమె ఉద్యమంల లేకపాయె కద."

"ఉద్యమంల సచ్చింది."

"గుండె జబ్బుతోని సచ్చిందన్నా."

"నేను ఆటో ఆపితె సచ్చింది. ఊరంత ఎరిక. నా మొఖం మీద అనరు, గంతే."

"ఎవలన్న అన్నరా?"

"ఎవలనాలె? ఫిబ్రవరిల తెలంగాణ బిల్లు పాసైన నాడు నన్ను భుజాల మీద ఎత్తుకున్నరు. పటాకులు కాలుస్తున్నరు, గులాల్ చల్లుతున్నరు. మీదికెల్లి చూస్తె గుంపు అవతల ఒక ఆటో ఆగి ఉంది. తొవ్వ లేక ఆగింది. దించుండ్రి, దించుండ్రి అని ఒర్రిన. ఉరికి పోయి చూస్తె లోపల ఉల్లిగడ్డ సంచులు."

"గా సంగతి యాది చేసుకోకుండ్రి."

"నేను చేసుకుంటనా? అదే వస్తది. జాల్యాను రమ్మన్న. వస్తడిప్పుడు."

"ఏడికి?"

"ఈడికే."

"ఈడికెందుకు! మీ ఇంటికి పిలుచుకోవచ్చు కద!"

"నా ఇంట్ల మంచినీళ్లు గుడ ముట్టడు. ఆస్మక్క కాడికైతె వస్తనన్నడు. ఏందట్ల మొఖం పెట్టినవ్?"

"ఏం లేదు. మందుల గది మూసెయ్యాలె. నాకు జర పని ఉందన్నా, మీరు మాట్లాడుకోండ్రి—"

"కూసో. అతను వచ్చే లోపల నాకొక్క మాట చెప్పు. అడుగుదామని మూడేండ్ల నుంచి నీ గేటు దాక వచ్చి మల్లిపోతున్న. నేనాపకపోతె ద్వాళి బతుకుతుండెనా?"

"నేనెట్ల చెప్పాలె? డాక్టర్లనడగాలె."

"అడిగిన. వరంగల్ల అడిగిన, హైదరాబాద్ల అడిగిన. బయలెల్లినప్పుడు మనిషి ఎట్లుండె, మాట్లాడిందా, నడిచిందా అని వాళ్లు నన్నే అడుగుతున్నరు. గది నీకే ఎరిక. ఆటో ఎక్కిచ్చింది నువ్వే."

"నాకు యాది లేదు."

"ఎవలికి ఏ తారీకు నాడు ఏ ఆపరేషన్ అయిందో కాయితం చూడకుంట చెప్తవ్. ద్వాళి యాది లేదా?"

"సోమవారం ఉండె."

"ఏంది?"

"ఆపరేషన్. సోమవారానికి మంచం కుదిర్చిన. గిది గురువారం అయింది. నాలుగు దినాలు ఆగితె... ఆర్నెల్లు తిరిగిన గా కాయితాల కోసం. ఈసీజీ ఒక తాన, ఫొటోలు ఒక తాన, కార్డుల పేరు తప్పు పడితె మల్ల ఎమ్మార్వో కాడికి. వచ్చినప్పుడల్లా ఒకటే అడిగేది, అక్కా, కోసేటప్పుడు గాజులు తీస్తరా అని. మోచేతి మీది దాక ఉండె గాజులు. తియ్యనియ్యకక్కా, నువ్వు చెప్పు డాక్టర్‌కు అనేది. చెప్తనని మాటిచ్చిన."

"ఇంకేమన్నది?"

"ఇంకేమంటది."

"ఆయాసం వస్తె ఏం చెయ్యమన్నవ్ ఆమెను?"

"సీదా నా కాడికి రమ్మన్న. ఫోన్ చెయ్యి, నేను చూసుకుంట, బండి నేను పిలుస్త అన్న."

"వచ్చింది. నువ్వు చీటీ రాసినవ్. చీటీ మీద టైము పదకొండుంబావు. అవునా?"

"రాసి ఉందికద."

"ఈడికెల్లి హైవే దాక ఆటోకు పావుగంట. పదకొండున్నరకు క్రాసింగు కాడుండాలె. కాని ఆటో వచ్చినప్పుడు మేం అన్నం వారుస్తున్నం. రోడ్డు మీద వంటా వార్పు గా దినం, మూడు వందల మందికి. బియ్యం ఆలస్యమొచ్చినయ్, పన్నెండున్నర దాటినంకనే అన్నం ఉడికింది. నేనాపింది ఇరవై నిమిషాలు. మరి నడుమ గంట ఏడవాయె?"

"మీకే టైము సరిగ యాది లేదేమో."

"గదే! గదే అనుకున్న నేను గుడ. ఇరవై నిమిషాలని నా మనసు అంటున్నది గని, నిజానికి గంటన్నర ఆపిననేమో. నన్ను నేను కాపాడుకోను తక్కువ చేసి చూపించుకుంటున్ననేమో. అన్నం ముందట కూసుంటె గంజి వాసన వస్తది ఆస్మా. ముద్ద లోపలికి పోదు. ఇంట్ల వార్చుడు బంద్ పెట్టిన్రు నా కోసం, కుక్కర్ల వండుతున్నరు. అయినా వస్తది."

"అంబులెన్సులను ఇడుస్తుంటిరి కదన్నా. గా ఆటోనెందుకు ఆపిన్రు?"

"పొద్దటి నుంచి మూడు ఆటోలు దొంగ చీటీలు చూపి దాటినయ్. ఒకటి పెండ్లోల్లది. చూపింది ఇసొంటి దవాఖాన చీటీ, లోపల ముత్తైదులు. జగపతి పటేలు మెత్తపడ్డడని పోరలు నవ్విన్రు. నాలుగో ఆటో ద్వాళిది. ఈసారి మోసపోవద్దనుకున్న. నిజమా కాదా అడుగుదామని నీకే ఫోన్ చేసిన. ఒక్కసారి కాదు, మూడు సార్లు. నువ్వు ఎత్తలే."

"చూసిన."

"ఏందీ?"

"ఫోన్ నా చేతిలనే ఉండె. మీ పేరు వచ్చింది. చూసిన."

"చూసి ఎత్తలేదా?"

"భయమయింది."

"దేనికి భయం? అవును, నిజమే, ఇడువుండ్రి అంటె అయిపోవు కద! గా ఒక్క మాటంటె నేను... దేనికి భయం ఆస్మా?"

"చాయ్ తాగుతరా అన్నా?"

"ఆస్మా."

"జర అల్లం వేసి తెప్పిస్త."

"ఇప్పుడు పండుగ నాడు గుడ ఒక్క రింగుకే ఎత్తుతదని ఊరంత నిన్ను మెచ్చుకుంటది. స్నానాల గదిలకు గుడ ఫోన్ తీస్కపోతదని మీ అమ్మ చాంద్‌బీ మొన్న నాతోనే అన్నది. గప్పుడెందుకు ఎత్తలే?"

"గా దినం నుంచే ఎత్తుతున్న."

"నాకు సమజైతలేదు."

"అయితె మంచిదన్నా. పేరు చెక్కిచ్చుకోండ్రి. జాల్యాతోని నేను మాట్లాడుత. మీరు ఇంటికి పోండ్రి."

"పేరు చెక్కుతె పోతదా గది? నీకు అంతా చెప్పలే ఇంక. నేను ఆటో లోపలికి వంగి చూసిన. జాల్యా భుజం మీద తల పెట్టి ఉంది. అద్దాల రవికె. ఎండ వడి మెరుస్తున్నది. ఒక్కో అద్దంల నా మొఖం. గింతంత, గింతంత. ఎన్ని అద్దాలుంటె అన్ని మొఖాలు, అన్నీ నన్నే చూస్తున్నయ్. ఒక్కటి గుడ కదల్లే. గా తర్వాత నేను అద్దం ముందట నిలవడలే. గడ్డం గుడ మంగలాయననే గీస్తడు."

"కదల్లేదా?"

"ఏంది?"

"అద్దాలు. కదల్లేదంటిరి."

"కదల్లే. నిమ్మలంగ ఉండె. నిద్ర పోతున్నదనుకున్న. నిద్ర పోయేదాన్ని దవాఖానకు తీస్కపోతున్నరట అని ఎవడో నవ్విండు గుడ."

"ఊపిరి తీస్తె రవికె కదుల్తదన్నా."

"ఆఁ?"

"ఊపిరి తీస్తె మీ మొఖం గుడ కదుల్తది గా అద్దాలల్ల."

"ఏమంటున్నవ్ నువ్వు?"

"టైము నేను తప్పు రాసిన. పదకొండుంబావుకు ద్వాళి ఈడనే ఉండె, బయట వరండల. నేనే లేను."

"నువ్వేడవోయినవ్?"

"చౌరస్తకు. సమ్మె బతుకమ్మ కాడికి. మీరు పెట్టిచ్చిన మైకు కాడ ఆడుతున్న. డాక్టరమ్మ వరంగల్ల మీటింగుకు పోయింది, నర్సులు టెంట్ల కూసున్నరు. సమ్మె అయినా అత్యవసరానికి ఒక్కరు దవాఖానల ఉండాలె కద. గా దినం నా వంతు. అందరాడుతున్నరు, నేనొక్కదాన్ని ఈడ కూసొని ఏం చెయ్యాలె, అరగంటల వస్తననుకున్న. తాళం వేసి పోయిన."

"తాళం వేసి..."

"ఆక్సిజన్ సిలిండర్ గుడ లోపలనే. తాళం చెవి నా కొంగుకుండె. పాటల సప్పుడుల ఫోన్ వినబడలే. పద్నాలుగు సార్లు చేసిండు జాల్యా. ఆమెను ఇడిసి చౌరస్త దాక రాలేక, ఈడ కూసొని పద్నాలుగు సార్లు చేసిండు. నేను చూసేసరికి పన్నెండు దాటింది. ఉరికొచ్చిన. ఆమె గోడ కాడి బెంచీ మీద ఉంది, జాల్యా భుజం మీద ఒరిగి. నిద్ర వట్టిందక్కా, గిప్పుడే ఆయాసం తగ్గింది అన్నడు జాల్యా. నేను చెయ్యి వట్టుకున్న."

"ఆగు. ఆగు జర."

"గాజులు సల్లగ ఉండె. గాజులు సల్లగనే ఉంటయనుకొని మెడ మీద పెట్టిన. మెడ గుడ..."

"నాడి?"

"లేదు. రెండు దిక్కుల చూసిన. లేదు."

"మరి ఆటో? మరి గా చీటీ ఏంది? అత్యవసరం అని రాసినవ్ కద!"

"ఊపిరి ఉంది, తొందరగ తీస్కపో అన్న. నా నోట్లకెల్లి గట్లనే వచ్చింది. తాళం వేసి పోయిందని తెలిస్తె నా ఉద్యోగం పోతది, జైలుకు గుడ పంపుతరేమో అనిపిచ్చింది. తాళం తీసి, బల్ల ముందట కూసొని చీటీ రాసిన. ఆ బెంచీ నాకు కనబడుతనే ఉంది. పదకొండుంబావు అని రాసిన. చెయ్యి వణకలే అన్నా. సక్కగ రాసిన, చూడుండ్రి."

"మరి నేను ఫోన్ చేస్తె..."

"సచ్చిపోయిందని చెప్తరనుకున్న. ఎవలు ముందట కనిపెడ్తరో అని చూస్తున్న. సాయంత్రం తెలిసింది, హైవే మీద ఆటో ఆపిన్రట, అందుకే సచ్చిందట అని. ఊరంత గదే అన్నది. నేను అవునన్లే. కాదన్లే."

"మూడేండ్లు ఆస్మా. మూడేండ్లు నేను..."

"మీరు గేటు దాక వచ్చి మల్లిపోవుడు కిటికీలకెల్లి చూసెదాన్ని. ఇయ్యాల చెప్తనని లేచెదాన్ని. మల్ల కూసునెదాన్ని. గా బెంచీ మీద ఎవరన్న కండ్లు మూసుకొని కూసుంటె లేపుత అన్నా. ముసలోల్లను గుడ లేపుత. లేచి నన్ను తిడితె పానం నిమ్మలమైతది."

"జాల్యాకు ఎరికేనా?"

"లేదు. మీరు ఆపినందుకే సచ్చిందని ఉన్నడు. నేనే అట్ల ఉండనిచ్చిన."

గుమ్మం దగ్గర అలికిడైంది. తువ్వాల చేతిలో పట్టుకొని జాల్యా నిలబడి ఉన్నాడు.

"జాల్యా! నువ్వెప్పుడొచ్చినవ్?"

"జరంత సేపయిందక్కా. బతుకమ్మ అంటున్నప్పుడు వచ్చిన. నడుమల రావద్దని నిలవడ్డ. కూసో పటేలా, లేవకు."

"ఇన్నవా అంతా?"

"ఇన్న."

"నన్నేమన్న అను జాల్యా. కొట్టు. పోలీసు కాడికి పోదాం పా, నువ్వు చెప్పకుంటె నేనే చెప్త. నీ భార్య పానం ఉన్నప్పుడు తాళం వేసుకొని పోయిన. పోయినంక ఉందని చెప్పి నిన్ను ఆటోల ఎక్కిచ్చిన."

"నాకు ఎరికేనక్కా."

"ఏం ఎరిక?"

"నా భుజం మీదనే కద సల్లబడ్డది. నువ్వు వచ్చే దానికన్న ముంగటనే. చెయ్యి పట్టుకొనుండె, పట్టు ఇడిసింది. నిద్ర వట్టిందని నీకు చెప్పిన. నాకు నేను చెప్పుకున్న."

"మరెందుకు ఎక్కినవ్ ఆటో? నేను అబద్ధం చెప్తున్ననని ఎరికై ఎందుకు ఎక్కినవ్?"

"చదువుకున్నదానివి, నువ్వు ఉందంటివి. ఉన్నదేమో అనుకున్న. గా యాల్ల నాకు గా మాటనే కావాలె."

"జాల్యా, మరి నా ఇంట్ల నీళ్లెందుకు తాగవు? ఎదురువడితె తల తిప్పుకుంటవ్. నేనాపినందుకు సచ్చిందని కాదా?"

"ఆపినందుకు కాదు పటేలా. జనగామ పోతె డాక్టరు చెయ్యి పట్టి చూసి, లేదంటడు. రోడ్డు మీద ఆగినంత సేపు గా మాట ఎవ్వరనలే. తల నా భుజం మీదనే ఉండె, అందరు నిద్ర పోతున్నదనే అన్నరు. పొద్దుగూకే దాక ఆపుతవనుకున్న నేను. ఇరవై నిమిషాలకే ఇడిసిపెడ్తివి."