వరస తప్పిన లైబ్రరీ, మన లింకరక్క

1994 జూన్ ఒకటవ తేదీ బుధవారం ఉదయం, మన సంస్థ ఇంకా మేడ మీది రెండు గదులలో సర్దుకుంటున్న కాలంలో, చేత నియామక పత్రంతో, భుజాన బరువైన సంచితో మెట్లెక్కి వచ్చిన యువ ఇంజినీరు నేడు ప్రధాన ఇంజినీరుగా పదవీ విరమణ చేస్తున్నారు. కార్యాలయ పత్రాలలో వారి పేరు ఏదైనా, మనందరి నోట వారు లింకరక్క. విడివిడిగా తయారైన ప్రోగ్రాము ముక్కలను ఒక్కటిగా కూర్చే లింకర్ ఎప్పుడు మొరాయించినా అందరి కాళ్లూ వారి బల్ల వైపే నడిచేవి.

తొలి ఏళ్లలో రోగి మంచం పక్కన గుండె లయను చూపే యంత్రాలకు ప్రోగ్రాములు రాశారు. తరువాత ఒకే ప్రోగ్రామును రకరకాల ప్రాసెసర్లకు సిద్ధం చేసే విభాగాన్ని తమ చేతుల మీదుగా నిలబెట్టారు. ఆ గదిలో వారు నెలకొల్పిన ఆచారం ఒకటే: తెర మీద లోపం కనిపించగానే కీబోర్డు ముట్టరాదు, లేచి నిలబడి, ఇచ్చిన ఆజ్ఞ మొదలుకొని వచ్చిన సందేశం చివరి అక్షరం దాకా పైకి చదవాలి. మొదట నవ్వుకున్నవారే సగం చదివేసరికి తమ తప్పు తామే పట్టుకొని నాలుక కరచుకునేవారు. డైరెక్టరు గారికి సైతం మినహాయింపు లేదు.

ఆ ఆచారం వారి మీదికే తిరిగిన రోజును చెప్పకపోతే ఈ అభినందన అసంపూర్ణం. తమ తల్లిగారు చేరిన చిన్న ఆసుపత్రిలో అలాంటి యంత్రం లేక, నర్సు మాటిమాటికీ మణికట్టు పట్టుకొని నాడి చూడడం అక్క మరువలేదు. అలాంటి ఆసుపత్రులు కూడా కొనగలిగే యంత్రం కోసం చవకైన చిన్న చిప్‌ను ఎంచుకొని, అందరితో వాదించి ఒప్పించారు. తీరా చూస్తే, పెద్ద ప్రాసెసరు మీద చక్కగా నడిచిన ప్రోగ్రాము చిన్న చిప్‌కు లింక్ కానంటూ భీష్మించుకు కూర్చుంది.

“భోజనాల వేళకు నడవకపోతే ఈ చిప్ సంగతీ, యంత్రం సంగతీ మర్చిపోదాం” అని డైరెక్టరు గారు తేల్చేశారు.

చిక్కంతా అటామిక్ చర్యలలో ఉంది. గుండె లయ లెక్కను ప్రోగ్రాములో ఒక భాగం రాస్తుండగా మరొక భాగం సగంలో చదవకుండా, ఒక్క దెబ్బన జరిగే పని అది. పెద్ద ప్రాసెసరుకు అది వెన్నతో పెట్టిన విద్య. అంత పెద్ద సంఖ్యను ఒక్కసారిగా మార్చలేని చిన్న చిప్‌కు ఆ పనికి ముందే రాసి ఉంచిన ఫంక్షన్ల మూట, అంటే ప్రత్యేక లైబ్రరీ, తోడు కావాలి. లింకర్‌కు ఇచ్చే ఆజ్ఞలో అక్క దాని పేరు చేర్చారు. అయినా ఆ ఫంక్షన్లు ఎక్కడా దొరకలేదన్న పాత పాటే!

“అటామిక్ తీసేసి మామూలుగా రాసేద్దామండీ, లింక్ అయిపోతుంది” అన్నాడు పక్క బల్ల సహోద్యోగి.

“అవుతుంది. సగం పాత అంకె, సగం కొత్త అంకె కలిసి డాక్టరుకి కనబడుతుంది. వద్దు బాబూ” అన్నారు అక్క. అంటూనే గడియారం వైపు ఒకసారి చూసి, మళ్లీ తెర మీదికి వంగారు.

అప్పుడు పరీక్షల విభాగపు అధికారిణి చేతులు కట్టుకొని ఎదుట నిలిచారు. “అక్కా, లేవండి. పైకి చదవండి.”

“నేనిక్కడ తల బద్దలుకొట్టుకుంటుంటే నీకు వేళాకోళంగా ఉందా?”

“రూలు పెట్టింది మీరే కదా!”

అక్క ముఖం ఎర్రబడింది. అయినా లేచారు, చదివారు. మొదట లైబ్రరీ పేరు, దాని వెనుక మన ఫైళ్ల పేర్లు... గొంతు ఆగిపోయింది. మరుక్షణమే పకపకా నవ్వేశారు.

“అయ్యో నా మతిమండ! జనం కూర్చోకముందే వడ్డించేవాణ్ణి పంపేశాను!”

లింకర్ వరసగా చూసుకుంటూ పోతుంది. ముందే ఎదురైన లైబ్రరీని అప్పటికి అడిగేవారు లేరని వదిలేసి, తరువాత ఫైళ్లు అడిగితే వెనక్కి తిరిగి చూడదు. ముఖ్యమైనది ముందుండాలన్న అలవాటు కొద్దీ దాన్ని మొదట పెట్టింది అక్కే. పేరును చివరకు జరిపారు. లింక్ అయింది! చిన్న యంత్రం తెర మీద పచ్చని గీత ఎగసిపడగానే గది గదంతా లేచి కేకలు పెట్టింది. డైరెక్టరు గారు భోజనం మాటే మరిచి, ఆ గీతను చూస్తూ నిలబడిపోయారు.

“ఇంట్లో వాషింగ్ మెషిన్ ఆగినా నన్ను నిలబెట్టి పైకి చదివిస్తుందండీ. రేపట్నుంచి రోజంతా ఇంట్లోనే! నా గతేమిటి?” అని మొన్న అక్క భర్తగారు వాపోయారు. అయ్యా, అందులో మేము చేయగల సాయమేమీ లేదు! నేడు ఎన్నో చిన్న ఆసుపత్రులలో మంచాల పక్కన ఆ పచ్చని గీత నడుస్తోంది. దానికి ప్రాణం పోసిన మన లింకరక్క, ఆ యంత్రంతో తమకు ఏనాడూ పని పడకుండా, ఖంగుమనే ఆ గొంతుతో ఇల్లంతా సందడి చేస్తూ నిండు నూరేళ్లు చల్లగా ఉండాలని మనసారా కోరుకుంటున్నాము.